జర్నళ్లకు చందా కట్టిన రోజులు

1980ల మొదట్లో అనంతపురంలోని ఒక ఉన్నత విద్యాసంస్థ గ్రంథాలయంలో ఉద్యోగంలో చేరినప్పుడు నాకు అప్పగించింది పీరియాడికల్స్ సెక్షన్, అంటే పరిశోధన వ్యాసాలు అచ్చయ్యే జర్నళ్ల విభాగం. పుస్తకాల సెక్షన్‌లో ఉన్న మిత్రులు మా పని చాలా సులువని అనుకునేవారు. పుస్తకమైతే ముందు చేతికి వస్తుంది, ఆ తరువాత బిల్లు పాసవుతుంది, రిజిస్టరులో నంబరు పడితే దాని కథ అక్కడితో ముగుస్తుంది. జర్నల్ వ్యవహారం అలా కాదు. రాబోయే ఏడాది సంచికలకు ముందటి ఏడాది చివర్లోనే పూర్తి డబ్బు చెల్లించాలి. ఆ సంచికలు నెలకొకటి చొప్పున, ఒక్కోసారి మూడేసి కలిసి, ఒక్కోసారి అసలు రాకుండా, ఏడాది పొడవునా నడుస్తూ ఉంటాయి. రానివాటి కోసం మనమే ఉత్తరాలు రాస్తూ వెంటపడాలి. ప్రభుత్వ లెక్కల్లో సరుకు అందకముందే సొమ్ము చెల్లించడం తప్పు కనుక ఆడిట్‌కు వచ్చినవాళ్లు ప్రతి ఏటా అదే అభ్యంతరం రాసేవారు, ప్రతి ఏటా మేమూ అదే సమాధానం రాసేవాళ్లం. ఆ అభ్యంతరమూ ఆ సమాధానమూ మా టైపిస్టుకు కంఠతా వచ్చేశాయి.

మా సెక్షన్ మొత్తం కార్డెక్స్ మీద నడిచేది. ఇప్పటి లైబ్రరీ సైన్సు విద్యార్థుల్లో చాలామంది దాన్ని చూసి ఉండరు. ఇనుప పెట్టెలో పలుచని అరలు ఉంటాయి. ఒక అరను బయటికి లాగితే మెట్లుమెట్లుగా, ఒకదాని అంచు మరొకదాని కింద నుంచి కనబడేటట్టు అమర్చిన కార్డులు, ప్రతి అంచు మీదా ఒక జర్నల్ పేరు. కార్డు పైకెత్తితే నెలల గళ్లు. సంచిక అందిన రోజున ఆ నెల గడిలో పెన్సిలుతో తేదీ వేయాలి. రావలసిన గడువు దాటిపోతే అంచు మీదున్న ఎర్ర బిళ్లను పక్కకు జరపాలి. నెలాఖరున అర లాగి చూస్తే ఎర్ర బిళ్లలు ఎన్ని ఉన్నాయో అన్ని రిమైండర్లు, మా తరఫున జర్నళ్లు తెప్పించే ఏజెంటుకు వెళ్లేవి. సంచిక దారిలో పోయిందని నిర్ధారణ కావడానికి ఆరు నెలలు పట్టేది, పోయిందని మేము రాసేసరికి ‘ఫిర్యాదు గడువు దాటింది’ అని ప్రచురణకర్త నుంచి జవాబు వచ్చేది. ఏజెంటు మాత్రం రెండు వైపులా మర్యాదగానే ఉండేవాడు.

యూరప్, అమెరికాల నుంచి ఓడ తపాలాలో బయలుదేరిన సంచిక బొంబాయి రేవుకో మద్రాసు రేవుకో చేరి, అక్కడి నుంచి రైలెక్కి గుంతకల్లు మీదుగా మా ఊరికి వచ్చేసరికి రెండు మూడు నెలలు గడిచిపోయేవి. విమానంలో తెప్పించుకోవచ్చు గానీ దానికి అదనపు రుసుము, అంత డబ్బు ఎవరి దగ్గరుంది? కాబట్టి జనవరి సంచికను ఏప్రిల్‌లో విప్పుతూ ‘కొత్త సంచిక’ అని డిస్‌ప్లే ర్యాకులో ముఖం కనిపించేటట్టు నిలబెట్టేవాళ్లం. గోధుమ రంగు కాగితపు చుట్టను విప్పడానికి ముందు మా అటెండరు దాని మీదున్న విదేశీ తపాలా బిళ్లలను కాగితంతో సహా కత్తిరించి తీసుకునేవాడు. వాళ్లబ్బాయి ఆల్బంలో చేరిన దేశాల జాబితా మా చందాల జాబితా కంటే పెద్దది.

ఆ ర్యాకు ముందు నిలబడి చదివేవాళ్లలో నాకు బాగా గుర్తున్నవారు రసాయన శాస్త్రం, భౌతిక శాస్త్రం పరిశోధక విద్యార్థులు. వాళ్లకు అన్నిటికంటే ముందు కావలసింది జర్నల్ కాదు, ‘కరెంట్ కంటెంట్స్’. ఫిలడెల్ఫియాలో యూజీన్ గార్‌ఫీల్డ్ నెలకొల్పిన సంస్థ నుంచి వారం వారం వచ్చే ఆ చిన్న పుస్తకంలో వ్యాసాలు ఉండవు; వందలాది జర్నళ్ల విషయసూచికలు మాత్రమే అచ్చువేసి, చివర రచయితల చిరునామాలు ఇచ్చేవారు. మనకు ఏ జర్నల్ కొనే స్తోమత లేదో, అందులో ఏముందో మాత్రం దాని ద్వారా తెలిసేది. విద్యార్థులు ఆ చిరునామాలు రాసుకుని, ‘మీ వ్యాసం రీప్రింటు (విడిగా అచ్చువేసిన ప్రతి) ఒకటి పంపగలరు’ అని ముందే అచ్చు వేయించుకున్న కార్డుల్లో ఖాళీలు నింపి పోస్టు చేసేవారు. చాలామంది రచయితలు పంపేవారు. జర్మనీ నుంచో జపాన్ నుంచో సంతకంతో ఒక రీప్రింటు వచ్చిన రోజున ఆ కుర్రవాడు దాన్ని క్యాంటీను దాకా చేత్తో పట్టుకుని తిరిగేవాడు, సంచిలో పెట్టుకునేవాడు కాదు. లోకంలో ఎక్కడో ఉన్న పెద్ద మనిషికి అనంతపురంలో తానొకడు ఉన్నట్టు తెలిసిందన్న తృప్తి అది.

కార్డు రాసినా రాని వ్యాసాల కోసం రెండు దారులుండేవి. ఒకటి ఢిల్లీలోని ఇన్‌స్‌డాక్. 1952లో ఏర్పడిన ఆ సంస్థకు రుసుము పంపితే వ్యాసాన్ని వెతికి ఫోటోకాపీ తీసి పంపేది. రెండోది బెంగళూరు బస్సు. పెనుకొండ, చిక్కబళ్లాపురం మీదుగా వెళ్లే బస్సెక్కి, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ గ్రంథాలయానికి పరిచయ ఉత్తరంతో వెళ్లడం మా పరిశోధకులకు తిరుమల యాత్ర వంటిదే. ఉత్తరం నేనే టైపు చేయించేవాణ్ణి. నాలుగైదు నెలలపాటు కూడబెట్టుకున్న వ్యాసాల జాబితా పట్టుకుని వెళ్లి, పగలంతా సంపుటాలు దించుకుని, డబ్బులున్నంత మేరకు జిరాక్స్ తీయించుకుని, మిగిలినవాటిని నోటు పుస్తకంలోకి ఎత్తి రాసుకుని రాత్రి బస్సుకు తిరిగి వచ్చేవారు. వచ్చినవారు నా దగ్గర కూర్చుని అక్కడి ర్యాకుల పొడవు గురించి చెబుతుంటే, మన దగ్గర ఎందుకు లేవని అడిగినట్టే ఉండేది. అడిగేవారు కాదు. అనంతపురంలో పుట్టినవాడికి నీళ్ల విషయంలోలాగే ఇందులోనూ ఎంత అడగాలో తెలుసు.

వేసవి సెలవుల్లో బైండింగు. ఏడాది సంచికలన్నీ వచ్చినవాటిని కట్టలు కట్టి వరండాలో పెడితే, పాతూరు నుంచి బైండరు తన కొడుకుతో వచ్చి అక్కడే నెల రోజులు మకాం వేసేవాడు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపి, నీలం జాడ తేలిన ఆ జిగురును కొబ్బరి పీచు కుంచెతో పూసేవాడు. పిన్నులు పీకి, సంచికలను కుట్టి, అట్ట మీద రెక్సిన్ లాగి అంటించి, వీపు మీద జర్నల్ పేరు, సంపుటి సంఖ్య, సంవత్సరం బంగారు రంగు అక్షరాలతో కొట్టేవాడు. ఇంగ్లీషు చదవడం రాకపోయినా అక్షరాన్ని చూసి అచ్చు పేర్చడంలో ఏనాడూ తప్పు పోనిచ్చేవాడు కాదు. “ఇంత లావు పుస్తకాలు ఎవరు సదువుతారు సారూ?” అని ఒకసారి అడిగితే, “ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు చదువుతారులే” అన్నాను. “అయితే కుట్టు గట్టిగానే ఏస్తా” అన్నాడు. మా ఊరి గాలిలో తేమ లేదు కనుక కోస్తా గ్రంథాలయాల్లోలాగా పుస్తకాలకు బూజు పట్టదు, మాకున్న శత్రువు చెదలు ఒక్కటే. ఆ తుత్తం పుణ్యాన అతను కుట్టిన సంపుటాలు ఇప్పటికీ బిగువుగానే ఉన్నాయి.

డబ్బు సంగతి చెప్పకపోతే ఈ జ్ఞాపకాలకు అర్థం లేదు. జర్నళ్ల సంవత్సరం జనవరితో మొదలవుతుంది, మన ప్రభుత్వ సంవత్సరం ఏప్రిల్‌తో మొదలవుతుంది, గ్రాంటు మార్చిలో వస్తుంది. అంటే నవంబరులో కట్టవలసిన చందాకు డబ్బు మార్చి మూడో వారంలో చేతికందేది, దాన్ని మార్చి 31లోగా ఖర్చు పెట్టకపోతే మురిగిపోయేది. ఆ పది రోజుల్లో తలప్రాణం తోకకు వచ్చేది. ప్రొఫార్మా ఇన్వాయిస్‌లనే ముందస్తు బిల్లులు, డాలరుకు ఇంత, పౌనుకు ఇంత, జర్మన్ మార్కుకు ఇంత అని మారకపు లెక్కలు. ఆ లెక్కకు బ్యాంకు రేటు తీసుకోవాలా, పుస్తక విక్రేతల ప్రతినిధులతో ఏర్పడిన గుడ్ ఆఫీసెస్ కమిటీ ప్రకటించే రేటు తీసుకోవాలా అన్నది మరో తగవు. గ్రంథాలయాలు సాధారణంగా కమిటీ రేటునే పాటించేవి, ఆడిటువారు బ్యాంకు రేటు చూపించి తేడాకు సంజాయిషీ అడిగేవారు.

ఈ లెక్కలు వేస్తూ ఉండగానే నాకు ఒక సంగతి బోధపడింది. మా ఆచార్యుడొకరు ప్రభుత్వ జీతంతో, ప్రభుత్వ గ్రాంటుతో, మూడేళ్లు కష్టపడి ఒక వ్యాసం రాస్తారు. దాన్ని విదేశీ జర్నల్‌కు ఊరికే ఇస్తారు, పైగా హక్కులు రాసిచ్చే పత్రం మీద సంతకం పెట్టి మరీ ఇస్తారు. అది బాగుందో లేదో ఇంకెక్కడి ఆచార్యులో ఉచితంగా చదివి చెబుతారు. అచ్చయిన తరువాత ఆయన వ్యాసం ఆయన విద్యార్థి చదవాలంటే మేము డాలర్లలో చందా కట్టాలి. రైతు తన కాయలు తానే మోసుకొచ్చి మిల్లుకు ఉచితంగా పోసి, తోటి రైతు చేత నాణ్యత కూడా ఊరికే చూపించి, చివరికి తన నూనె తానే అంగట్లో మిల్లువాడు చెప్పిన ధరకు కొనుక్కోవడం వేరుశనగ పండించే జిల్లాలో ఎవరైనా ఒప్పుకుంటారా? చదువుకున్నవాళ్లం మాత్రం లోకమంతటా ఒప్పుకున్నాం.

ఈ వ్యాపారంలో ఎంత లాభముందో అందరికంటే ముందు పసిగట్టినవారిలో బ్రిటన్ ప్రచురణకర్త రాబర్ట్ మాక్స్‌వెల్ ఒకడు. 1951లో చేతికి తీసుకున్న చిన్న సంస్థకు పెర్గమాన్ ప్రెస్ అని పేరు పెట్టి, ఒక్కొక్క శాస్త్రంలో ఒక్కొక్క కొత్త జర్నల్ మొదలుపెడుతూ పోయాడు. అందులోని కిటుకు ఒక్కటే: బియ్యం ధర పెరిగితే జొన్నలు తినవచ్చు గానీ ఒక జర్నల్‌లో వచ్చిన వ్యాసం మరో జర్నల్‌లో దొరకదు. ‘టెట్రాహెడ్రన్ లెటర్స్’ కావాలన్న కెమిస్ట్రీవాళ్లకు మరొకటి ఇచ్చి సర్దిచెప్పలేం. ధర ఎంత పెంచినా గ్రంథాలయం కొనక తప్పదు. మా చందాల జాబితాలో పెర్గమాన్ పేరున్న వరుసలే ఎక్కువ డబ్బు తినేవి.

తరువాత వచ్చిన 1991ని నేను మరిచిపోలేను. జూలై మొదటి వారంలో, రెండు రోజుల తేడాతో రెండుసార్లు రూపాయి విలువ తగ్గించారు. ఇరవై ఒక్క రూపాయల చిల్లర ఉన్న డాలరు దాదాపు ఇరవై ఆరుకు చేరింది. ప్రచురణకర్తలు ఎలాగూ ఏటేటా ధరలు పెంచుతూనే ఉన్నారు. దాని మీద ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు. మా గ్రాంటు మాత్రం రూపాయల్లో ఉన్నచోటనే ఉంది. అదే సంవత్సరం మాక్స్‌వెల్ అప్పుల్లో కూరుకుపోయి పెర్గమాన్‌ను 44 కోట్ల పౌన్లకు ఎల్సెవియర్ అనే మరో పెద్ద ప్రచురణ సంస్థకు అమ్మేశాడు, నవంబరులో తన ఓడ మీద నుంచి సముద్రంలో పడి చనిపోయాడు. ఇన్వాయిస్‌ల మీద పేరు మారింది, ధర మారలేదు. మారిందీ అంటే పైకే మారింది. 1990ల చివరికి ‘బ్రెయిన్ రీసెర్చ్’ అనే ఒక్క జర్నల్ వార్షిక చందా 15 వేల డాలర్లు దాటింది.

అదే 1991 ఆగస్టులో అమెరికాలోని లాస్ అలమాస్‌లో పాల్ గిన్స్‌పార్గ్ అనే భౌతిక శాస్త్రవేత్త, అచ్చుకు వెళ్లకముందే వ్యాసాలను కంప్యూటరులో పెట్టి ఎవరైనా ఉచితంగా చదువుకునే ఏర్పాటు మొదలుపెట్టాడు. దాన్నే తరువాత ఆర్కైవ్ అన్నారు. మన దేశంలో గ్రంథాలయాలను కంప్యూటర్లతో కలపడానికి యు.జి.సి. (విశ్వవిద్యాలయాలకు నిధులిచ్చే కేంద్ర సంఘం) ఇన్‌ఫ్లిబ్‌నెట్ కార్యక్రమాన్ని ప్రారంభించిందీ ఆ ఏడే. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1924లో స్థాపించిన సాహిత్య మాసపత్రిక ‘భారతి’ ఆగిపోయిందీ ఆ ఏడే. మాకు ఇవేవీ ఒకదానితో ఒకటి ముడిపడి కనిపించలేదు. మా కళ్లెదుట ఉన్నది రద్దు చేయవలసిన జర్నళ్ల జాబితా ఒక్కటే.

ఆ జాబితా కోసం పెట్టిన సమావేశం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. శాఖాధిపతులందరూ వచ్చారు. ఎవరి జర్నళ్లు వాళ్లు కాపాడుకోవడానికి, పక్కవారి జర్నల్ ఎందుకు అక్కర్లేదో చెప్పడం మొదలుపెట్టారు. గణితంవారి జర్నల్‌ను ఏడాదిలో ఎవరూ తాకలేదని కెమిస్ట్రీవారు అన్నారు. “ఏమప్పా, తాకితేనే చదివినట్టా? నీ కెమిస్ట్రీ మాదిరి మా లెక్క రెండేళ్లకు పాతబడదు” అని గణితం పెద్దాయన లేచారు. నేను వాడకం రిజిస్టరు తెరిచి పెట్టాను గానీ ఎవరూ దాని వంక చూడలేదు. చివరికి శాఖకు ఇన్ని చొప్పున సమానంగా కోసేశారు. న్యాయంగా కనిపించింది గానీ, జర్నల్ ఒకసారి ఆగిపోతే సంపుటాల వరుస తెగిపోతుంది, తెగిన వరుసను మళ్లీ కలపడానికి ఎప్పటికీ డబ్బు రాదు. మా ర్యాకుల్లో చాలా వరుసలు 1991 దగ్గరో 1992 దగ్గరో ఆగిపోయి ఉంటాయి, ఏదో కరువు సంవత్సరం గుర్తులాగా.

‘ఇంపాక్ట్ ఫ్యాక్టర్’ అనే మాట అలాంటి సమావేశాల్లోనే ఎక్కువగా వినబడింది. ఒక జర్నల్‌లో వచ్చిన వ్యాసాలను తరువాతి వ్యాసాలు సగటున ఎన్నిసార్లు ఉదహరించాయో చెప్పే ఈ లెక్కను రూపొందించినవారూ గార్‌ఫీల్డ్‌గారే. ఏ జర్నళ్లను సూచికలో చేర్చుకోవాలో ఎంచుకోవడానికి, గ్రంథాలయాలు ఏవి కొనాలో తేల్చుకోవడానికి అది పనికివచ్చేది. పోనుపోనూ అది జర్నల్‌ను వదిలి మనుషులను తూచడం మొదలుపెట్టింది. 2010 యు.జి.సి. నిబంధనల్లో పదోన్నతికి మార్కుల పద్ధతి వచ్చాక, మా దగ్గరికి వచ్చే అధ్యాపకులు ‘ఈ వ్యాసం ఎక్కడ దొరుకుతుంది’ అని అడగడం మాని ‘ఈ జర్నల్‌కు ఐ.ఎస్.ఎస్.ఎన్. ఉందా’ అని, అంటే పత్రికకు ఇచ్చే గుర్తింపు సంఖ్య ఉందా అని అడగసాగారు. గిరాకీ ఉన్నచోట అంగడి పుడుతుంది. డబ్బు కడితే వారంలో అచ్చువేసే జర్నళ్లు పుట్టగొడుగుల్లా లేచాయి. ఇలాంటి వ్యవహారంలోనే హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ మీద 2019లో అమెరికా న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పు ఇచ్చింది. నాసిరకం జర్నళ్లను ఏరివేయడానికి యు.జి.సి. పెట్టిన కేర్ జాబితాను కొన్నేళ్లకే మళ్లీ ఎత్తివేశారు. పాఠకుడి దగ్గర చందా వసూలు చేసే వ్యాపారం చాలక, రాసినవాడి దగ్గరే రుసుము వసూలు చేసే వ్యాపారం పక్కనే పెరిగింది. పెద్ద సంస్థలూ ఆ దారిలోకి వచ్చాయి. ‘నేచర్’లో అందరూ ఉచితంగా చదివేటట్టు ఒక వ్యాసం అచ్చుకావాలంటే 2021 నుంచి 9,500 యూరోలు అడిగారు. మా జిల్లాలో అధ్యాపకుడికి అది కొన్ని నెలల జీతం.

మంచి రోజులు కూడా వచ్చాయి, అవి చెప్పకపోతే అన్యాయం. 2000ల మొదట్లో యు.జి.సి. ఇన్ఫోనెట్ పేరుతో, విశ్వవిద్యాలయాలన్నిటి తరఫునా ఇన్‌ఫ్లిబ్‌నెట్ ప్రచురణకర్తలతో కలిసి బేరమాడి ఆన్‌లైన్ జర్నళ్లు ఇప్పించడం మొదలైంది. ఆ తరువాత కళాశాలలకు ఎన్‌-లిస్ట్ వచ్చింది, 2015 చివర్లో ఇవన్నీ కలిసి ఇ-శోధ్‌సింధు అయ్యాయి. డిగ్రీ కాలేజీ ఏడాదికి ఐదు వేల రూపాయలు కడితే వేలకొద్దీ జర్నళ్లు తెరుచుకున్నాయి. మా సెక్షన్‌లో ఏళ్లపాటు చేసిన బేరాలన్నిటికంటే ఆ ఒక్క బేరం గొప్పది. కంప్యూటరు ముందు కూర్చున్న ఒక పరిశోధక విద్యార్థిని, 1991లో మేము రద్దు చేసిన జర్నల్ మొదటి సంపుటం నుంచి తెరపైన వరుసగా తెరుచుకోవడం చూసి, “సార్, ఇవన్నీ మనవేనా?” అని అడిగింది. అవునన్నాను.

ఆ అవునన్న మాట సగమే నిజమని కొన్నేళ్లకు తేలింది. ఒక ఏడాది ఒక పెద్ద ప్రచురణకర్తతో ఒప్పందం కొనసాగలేదు. జనవరిలో ఆ పేజీలు తెరిస్తే లాగిన్ అడిగింది. ఆ ఏడాది సంచికలే కాదు, అంతకుముందు చదువుకున్నవాటిలోనూ చాలా భాగం మూతబడ్డాయి. మేము కొన్నామనుకున్నది నిజానికి అద్దెకు తీసుకున్నది. అచ్చు జర్నల్ చందా ఆపేస్తే రాబోయే సంచిక రాదు, అంతే. వచ్చినవి ర్యాకులో మనవే. ఆ జనవరిలో ఇద్దరు ముగ్గురు పిల్లలు బైండు సంపుటాల గదికి దారి అడుగుతూ వచ్చారు. తాళంచెవి వెతకవలసి వచ్చింది.

అప్పటికే పిల్లలకు మరో దారి తెలుసు. 2011లో అలెగ్జాండ్రా ఎల్బాక్యాన్ అనే కజకిస్తాన్ యువతి మొదలుపెట్టిన సై-హబ్ అనే వెబ్‌సైటులో వ్యాసం నంబరు కొడితే చాలు, చందా లేకుండానే పి.డి.ఎఫ్. వచ్చేది. దాని మీద ప్రచురణ సంస్థలైన ఎల్సెవియర్, వైలీ, అమెరికన్ కెమికల్ సొసైటీ కలిసి 2020 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టులో దావా వేశాయి. గ్రంథాలయ ఉద్యోగిగా దాన్ని వాడమని నేను ఎవరికీ చెప్పలేదు. వాడుతున్నవాడిని చూసినప్పుడు బెంగళూరు బస్సులో జిరాక్సు కట్ట ఒడిలో పెట్టుకుని వచ్చినవాడే గుర్తొచ్చేవాడు గానీ దొంగ గుర్తొచ్చేవాడు కాదు. 2012లో గణిత శాస్త్రవేత్త తిమోతీ గవర్స్ పిలుపుతో వేలాది పరిశోధకులు ఎల్సెవియర్‌కు వ్యాసాలు ఇవ్వబోమని, సమీక్షలు చేయబోమని సంతకాలు పెట్టారు. మా గణితం పెద్దాయన అప్పటికి రిటైరయ్యారు. ఆయనకు ఫోను చేసి చెబితే, “నలభై ఏళ్ల కిందట పెట్టాల్సిన సంతకం అప్పా అది” అన్నారు.

నేను రిటైరైన తరువాత, 2024 నవంబరు 25న ప్రభుత్వ విద్యాసంస్థలన్నిటి తరఫునా కేంద్రమే ఒక్కటిగా చందా కట్టే ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13 వేల జర్నళ్లు, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థలు 6,300కు పైగా. మా సంస్థా అందులో ఉంది. ఇప్పుడు కదిరిలోనో హిందూపురంలోనో ఉన్న ప్రభుత్వ డిగ్రీ కళాశాల విద్యార్థికీ బెంగళూరు పరిశోధక సంస్థ విద్యార్థికీ తెరుచుకునే జర్నళ్లు ఒకటే. రీప్రింటు కార్డులు రాసినవాళ్లను చూసిన నేను దీన్ని తక్కువ చేసి మాట్లాడలేను. అయితే ఆ సొమ్ము ప్రధానంగా మళ్లీ చందాకే, మళ్లీ మూడేళ్లకే. అందులో కొంత సొమ్ముతో మన దేశపు జర్నళ్లను బలపరిస్తే బాగుండేదన్నది నా అభిప్రాయం. 1932 నుంచి బెంగళూరులో వెలువడుతున్న ‘కరెంట్ సైన్స్’ను ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, అలా నడపడం చేతకాని పని కాదని ఇక్కడే రుజువు ఉంది.

ఈమధ్య మా గ్రంథాలయంలో స్థలం చాలక, బైండు సంపుటాలను ఏం చేయాలో తేల్చడానికి వేసిన కమిటీ పాత ఉద్యోగినని నన్నూ పిలిచింది. నేను వాటిని కాపాడమని వాదిస్తానని అందరూ అనుకున్నట్టున్నారు. నేను రెండు జాబితాలు రాసి ఇచ్చాను. మొదటి జాబితాలో విదేశీ జర్నళ్ల సంపుటాలన్నీ ఉన్నాయి. అవి ప్రచురణకర్త కంప్యూటర్లలో ఉన్నాయి, బెంగళూరులో ఉన్నాయి, ప్రపంచంలోని వందల గ్రంథాలయాల్లో ఉన్నాయి. వాటి కోసం నేను ఎన్ని మార్చి నెలలు నిద్రపోకపోయినా సరే, అడిగినవారికి ఇచ్చేయవచ్చు. రెండో జాబితా చిన్నది. సంస్థల మధ్య పత్రికల మార్పిడి కింద ఉచితంగా వచ్చిన తెలుగు శాఖల పరిశోధన పత్రికలు, ఆంధ్రప్రదేశ్ హిస్టరీ కాంగ్రెస్ సంపుటాలు, జిల్లా శాసనాల మీద సెమినార్లలో చదివి సైక్లోస్టైల్ చేసిన పత్రాలు, కళాశాల పత్రికల్లో మా ప్రాంతపు మాండలికం మీద, తోలుబొమ్మలాట మీద వచ్చిన వ్యాసాలు. వీటికి ధర లేదు కనుక ఏనాడూ కార్డెక్స్‌లో కార్డు లేదు, ధర లేదు కనుక బైండింగు పద్దులో చోటు దక్కలేదు. దారంతో కట్టిన కట్టలుగా బీరువా మీద ఉండిపోయాయి. వాటిలో చాలావాటికి ఇంకో ప్రతి ఎక్కడుందో వెతికితే నాకు దొరకలేదు.

‘భారతి’కి ఆ గతి పట్టకపోవడానికి కారణం ప్రెస్ అకాడమీ పాత పత్రికలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టడమే. కడప ఎర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం నిలబడడానికి కారణం జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఊరూరా తిరిగి చందాలు పోగుచేయడమే. అక్కడ తాళపత్రాలూ, కైఫీయత్తులనే పాత గ్రామ చరిత్రలూ దక్కాయి. మా దగ్గరున్నవి అంత పాతవీ కావు, అంత పేరున్నవీ కావు, కాబట్టి వాటి కోసం ఎవరూ తిరగరు.

మొదటి జాబితాను కమిటీ ఆ రోజే ఒప్పుకుంది. రెండో జాబితాలోని కట్టలను స్కాన్ చేయించడానికి మాత్రం ఖర్చు ఏ పద్దు కింద చూపించాలో తేలలేదని ఫైలు అకౌంట్స్ సెక్షన్‌లో ఆగింది. విదేశీ జర్నళ్ల చందా ఇప్పుడు ఢిల్లీయే కడుతోంది కాబట్టి మా చందాల పద్దులో సొమ్ము మిగులుతోందని, ఈ ఏడాది అది మార్చిలో మురిగిపోకముందే ఇటు మళ్లించమని ఒక నోటు రాసి ఇచ్చి వచ్చాను. ఆడిట్ అభ్యంతరం వస్తే ఏం సమాధానం రాయాలో కూడా కింద రాసిపెట్టాను.